మధురపూడి నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకి కార్లో ఎంతసేపండీ?

కొబ్బరితోట_కుమారి · బుధవారం రాత్రి 8:42

అందరికీ నమస్తే. మాది అంబాజీపేట పక్కన పల్లెటూరు. శ్రావణంలో మా గృహప్రవేశం. దానికి మా తమ్ముడు దుబాయ్ నుంచి హైదరాబాద్ వచ్చి, అక్కణ్ణుంచి ఇంకో విమానం ఎక్కి పొద్దున్న పదిన్నరకి గన్నవరంలో దిగుతాడు. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి మా అత్తయ్యగారు, మావయ్యగారు ఢిల్లీ నుంచి రాజమండ్రిలో, అంటే మధురపూడిలో దిగుతారు. ఎవరి టిక్కెట్లు వాళ్ళు కొనేసుకుని, ఆ తర్వాత నాకు చెప్పారు. మాకున్నది ఒక్క ఎర్టిగా. నడిపేది మా ఆయనొక్కరే.

నెట్‌లో ఒక సైటు రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 126 కి.మీ., ప్రయాణం 40 నిమిషాలు అంటోంది. మ్యాపు పెడితే 150 చూపిస్తోంది. మా ఆయనైతే "మూడు గంటలకి తక్కువ కాదు, నా వల్ల కాదు" అనేసి పడుకున్నారు. ఏది నమ్మాలండీ? తమ్ముణ్ణి ఎక్కించుకుని నేరుగా మధురపూడి వెళ్తే రెండింటికి అందుకుంటామా?

ఏటిగట్టు_చిన్నోడు · 8:51

40 నిమిషాలన్న ఆ సైటువాడు జన్మలో కొవ్వూరు రైలుగేటు దగ్గర నిలబడి ఉండడండి.

రావులపాలెం_స్టాండు · 9:10

అమ్మా, నేను ఈ రెండు ఎయిర్‌పోర్టులకీ బాడుగలు తిప్పేవాణ్ణే. వివరంగా చెప్తాను.

మధురపూడిలో బయల్దేరి గాడాల మీదుగా కిందికొచ్చి కొత్త వంతెన ఎక్కాలి. 2015లో తెరిచిన నాలుగో వంతెన, అందరూ గామన్ బ్రిడ్జి అంటారే, అదే. దాటితే కొవ్వూరు. ఊళ్ళోకి వెళ్ళక్కర్లేదు, గేటు గొడవా లేదు. అక్కణ్ణుంచి దేవరపల్లి మీదుగా గుండుగొలను దాకా నాలుగు లైన్ల రోడ్డు. ఇప్పుడు అసలు హైవే, 16వ నంబరు, అదే. గుండుగొలను తర్వాత ఏలూరు బైపాస్, కలపర్రు టోలు, హనుమాన్ జంక్షన్, పొట్టిపాడు టోలు, ఆ వెంటనే గన్నవరం. ఎయిర్‌పోర్టు గోడ హైవేని ఆనుకునే ఉంటుంది, వెతుక్కునే పని లేదు.

మొత్తం 150 అటూఇటూ. ఎక్కడా ఆగకుండా, వాన లేకుండా ఉంటే రెండున్నర గంటలు. టీ తాగితే, టోలు దగ్గర లైను పడితే, మీ ఆయన చెప్పిన మూడు గంటలే. ఆయన లెక్క సరిగ్గానే ఉంది, పడుకోనివ్వండి.

ఇక మీ అసలు ప్రశ్న. పదిన్నరకి విమానం దిగితే పెట్టెలొచ్చి, మనిషి బయటికొచ్చేసరికి పదకొండు. పదకొండుకి బయల్దేరితే రెండింటికి మధురపూడి. కాగితం మీద అందుతుంది. హైదరాబాద్‌లోనే అరగంట ఆలస్యమైతే అందదు. పైగా మీ ఆయన పొద్దున్న ఏడింటికల్లా అంబాజీపేటలో బయల్దేరాలి. గన్నవరానికి 140 పైన, గన్నవరం నుంచి మధురపూడి 150, అక్కణ్ణుంచి ఇంటికి 80 దాకా. అంతా కలిపితే 370. ఒక్క డ్రైవరు, గృహప్రవేశం ముందురోజు. వద్దమ్మా.

పాత_ఓవర్సీరు · 9:38

ఆ 126 తప్పు కాదు. దేనికి కొలిచిందో తెలియక చదివితే తప్పుగా కనబడుతుంది.

మధురపూడి విమానాశ్రయం 17.11 ఉత్తర అక్షాంశం, 81.82 తూర్పు రేఖాంశం. గన్నవరం 16.53, 80.80. అక్షాంశం ఒక డిగ్రీకి 111 కి.మీ. వేసుకోండి. మన దగ్గర రేఖాంశం డిగ్రీ కాస్త చిన్నది, 106 పైచిలుకు. అంటే ఉత్తర దక్షిణంగా 64, తూర్పు పడమరగా 108. రెండింటినీ వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తే 126 వస్తుంది. భూమి గుండ్రంగా ఉందన్న సంగతి ఇంత చిన్న దూరంలో లెక్కకి రాదు. విమానాలవాళ్ళ భాషలో 68 నాటికల్ మైళ్ళు, ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ. కాబట్టి.

40 నిమిషాల సంగతి. ఇలాంటి సైట్లు చాలావరకు జెట్ విమానం గంటకి 800 కి.మీ. పోతుందనుకుని దూరాన్ని భాగించి, ఎక్కడానికి దిగడానికి అని ఓ అరగంట కలిపేస్తాయి. 126ని 800తో భాగిస్తే తొమ్మిదిన్నర నిమిషాలు, దానికి ముప్పై కలిపితే మీరు చూసిన 40. అసలు ఆ రెండు ఊళ్ళ మధ్య విమానం ఉందా లేదా అన్నది సైటుకి పట్టదు. ఏ రెండు పేర్లిచ్చినా లెక్క కట్టి చూపిస్తుంది.

ఆ గీత ఎక్కడెక్కడ పోతుందో మ్యాపులో స్కేలు పెట్టి చూడండి. కొవ్వూరుకి కాస్త ఎగువన గోదావరి దాటి, ద్వారకా తిరుమలని కుడిచేతివైపు, తాడేపల్లిగూడేన్ని ఎడమచేతివైపు వదిలేసి, సరిగ్గా ఏలూరు నెత్తిమీదుగా పోయి గన్నవరంలో దిగుతుంది. కొత్త హైవే కూడా ఆ గీతకి దగ్గర్లోనే నడుస్తుంది, అందుకే 126కి 150 పడుతోంది. రోడ్డుకి ఇది మంచి నిష్పత్తే. ఇదే డెల్టా లోపలి రెండు ఊళ్ళకి కొలిచి చూడండి, తేడా తెలుస్తుంది.

ఏటిగట్టు_చిన్నోడు · 9:44

మాస్టారు మొదలెట్టారు. కాఫీ పెట్టుకొస్తా.

భీమవరం_బుల్లోడు · 9:57

ఎందుకండీ అందరూ కొవ్వూరు కొవ్వూరు అని. ఆవిడది అంబాజీపేట. గన్నవరం వెళ్ళడానికి పైకెళ్ళి కిందికి రావడం దేనికి? పి.గన్నవరం దాటి రాజోలు, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు, మా భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ, గన్నవరం. 216వ నంబరు హైవే రాజోలు మీదుగానే పోతుంది. టోళ్ళు తక్కువ, చూడ్డానికి చేపల చెరువులు, పచ్చటి చేలు. మా వాళ్ళంతా హైదరాబాద్ విమానానికి గన్నవరమే వెళ్తారు, గుడివాడ రోడ్డునే.

రావులపాలెం_స్టాండు · 10:05

బుల్లోడు గారూ, భీమవరంలో ఉన్నవాళ్ళకి ఆ రోడ్డు కరెక్టే, కాదనను. అంబాజీపేట వాళ్ళకి కాదు. మీ ఊరు దాటాలంటేనే ముప్పావుగంట. ఆకివీడు నుంచి కైకలూరు దాకా చేపల లారీలు, ఐసు బళ్ళు. ఒకటి దాటితే ఇంకోటి. దూరం చూస్తే అటైనా ఇటైనా నూటనలభై చిల్లరే, టైము మాత్రం ఇటు గంట తక్కువ.

భీమవరం_బుల్లోడు · 10:09

చేపల లారీలు లేకపోతే మీ ఎయిర్‌పోర్టులకి ఇంతమంది ఎక్కేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారండీ.

కాకినాడ_కాజా · 10:15

అసలు మధురపూడి ఉన్నదే కాకినాడ వాళ్ళకోసం అన్నట్టు తయారైంది. ఏ విమానం దిగినా సగం బళ్ళు రాజానగరం వైపే తిరుగుతాయి. మాకంటూ ఒక ఎయిర్‌పోర్టు ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి.

వేదిక_నిర్వాహకుడు · 10:31

కాకినాడకా, రాజమండ్రికా అన్న గొడవకి వేరే చర్చ ఉంది, అందులో ఇప్పటికే సరిపడా తిట్టుకున్నారు. కాజా గారి మాట కింద ఇక్కడ వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తీసేశాను. కుమారి గారి ప్రశ్న మీదే ఉండండి.

కొబ్బరితోట_కుమారి · గురువారం ఉదయం 6:20

ఇంతమంది చెప్పారు, చాలా సంతోషం. రెండు విషయాలు రాత్రి చెప్పలేదు. మావయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, కార్లో రెండు గంటలు దాటితే ఆయన పడే అవస్థ చూడలేం. తమ్ముడి దగ్గర రెండు పెద్ద పెట్టెలు, చేతి బ్యాగొకటి. రాజమండ్రి నుంచి గన్నవరానికి గానీ, గన్నవరం నుంచి రాజమండ్రికి గానీ విమానమే లేదా? ఉంటే వాణ్ణి అందులోనే మధురపూడి రమ్మనేదాన్ని, అందరూ ఒకే చోట దిగుతారు.

రన్‌వే_రాంబాబు · 7:02

నేరుగా లేదు మేడమ్. టిక్కెట్ల యాప్‌లో పెట్టి చూడండి, హైదరాబాద్ వెళ్ళి విమానం మారి వెనక్కి రమ్మంటుంది. గన్నవరం నుంచి పడమరకి పోయి, మళ్ళీ అదే దారిన తూర్పుకి రావడం. మధ్యలో నిరీక్షణతో కలిపి ఒక పూట పోతుంది. ఆ టైములో రోడ్డు మీద వెళ్ళి తిరిగి రావచ్చు.

ఎందుకు లేదంటే చెప్తాను, నేను విమానాల పనిలోనే ఉన్నాను. ఇటు తిరిగేవాటిలో ఎక్కువ ఏటీఆర్‌లు, రెక్కలకి ఫ్యాన్లుండే విమానాలు. మాంచి ఎత్తుకి చేరాక గంటకి 500 కి.మీ. దాకా పోతాయి. 126 కి.మీ.లో ఆ ఎత్తుకి చేరేలోపే దిగడం మొదలెట్టాలి. ఇంధనం ఎక్కువ తాగేది పైకి ఎక్కేటప్పుడే, కాబట్టి దూరం తక్కువైనా ఖర్చు ఆ లెక్కన తగ్గదు. రన్‌వే దాకా విమానం నేలమీద దొర్లుకుంటూ పోవడం, గాలివాటం చూసుకుని ఒక చుట్టు తిరిగి దిగడం, అన్నీ కలిపి తలుపు మూసిన దగ్గర్నుంచి తెరిచేదాకా ఎలా చూసినా ముప్పావుగంట. దానికి ముందు మీరు కౌంటరు మూసేలోపు, అంటే విమానం కదలడానికి గంట ముందే, అక్కడుండాలి. దిగాక పెట్టెల కోసం ఇంకో ఇరవై నిమిషాలు. కూడి చూడండి, రెండు గంటలు దాటిపోయింది. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి వెళ్ళే టైము ఇంకా కలపలేదు.

రాజమండ్రికి పెద్ద విమానాలు రాలేవని కొందరు ఇంకా అనుకుంటున్నారు. రన్‌వేని 1,750 మీటర్ల నుంచి 3,165 మీటర్లకి పొడిగించి చాలాకాలమైంది. 2024 డిసెంబరులో ముంబైకీ, ఢిల్లీకీ ఎయిర్‌బస్సులు మొదలయ్యాయి. గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు. పెద్ద తేడా ఏం లేదు.

నిట్_గూడెం · 7:30

అంకుల్, ఈ గొడవంతా మా తాడేపల్లిగూడెంలో ఎయిర్‌పోర్టు ఉంటే ఉండేదే కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడా రన్‌వే వేశారు. కడకట్లలో మా కాలేజీ ఆ భూముల మీదే ఉంది. పాత రన్‌వే ముక్క మీద సాయంత్రం పూట క్రికెట్టూ, బళ్ళు నేర్చుకునేవాళ్ళూ. బ్రేకు ఎంత గట్టిగా కొట్టినా బండి జారదు, అంత గట్టి కాంక్రీటు.

కాకినాడ_కాజా · 7:41

అదీ ఒక ఎయిర్‌పోర్టేనా.

నిట్_గూడెం · 7:42

మీకు అది కూడా లేదు కదండీ.

పాత_ఓవర్సీరు · 8:15

ఆ కుర్రాడన్నదాంట్లో ఒక సంగతుంది. గన్నవరమైనా, గూడెమైనా యుద్ధం రోజుల విమాన స్థలాలే, మధురపూడిది కూడా బ్రిటిష్ వాళ్ళ హయాం పనే. యుద్ధవిమానాలకి వాళ్ళు వెతికింది నీళ్ళు నిలవని గట్టి నేల. కాబట్టి అవి డెల్టా అంచునే పడ్డాయి, లోపల ఒక్కటీ లేదు. కోనసీమలో మూడడుగులు తవ్వితే నీళ్ళు, అక్కడ రన్‌వే వేయమని ఎవడూ అడగడు.

అమ్మా కుమారీ, నువ్వు మధురపూడి నుంచి గన్నవరానికి ఎంత అని అడిగావు. నీకు కావలసిన కొలత అది కాదు. రెండూ ఒకే గట్టున, మెట్ట అంచు వెంబడి ఉన్న ఊళ్ళు, వాటి మధ్య రోడ్డు సాఫీగా పోతుంది. మీ ఇల్లు ఆ గీత మీద లేదు, కిందికి, నీళ్ళ మధ్యలో ఉంది. మీ అంబాజీపేట, గన్నవరం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. కాకి తిన్నగా పడమరకి ఎగిరితే నూటపాతిక లోపే. మధ్యలో ఏమున్నాయి? వైనతేయ పాయ, వశిష్ఠ, పశ్చిమ డెల్టా కాలవలు, ఉప్పుటేరు, కొల్లేరు. ఈ కొల్లేటికోసమే పెద్ద రోడ్డు పైకి తిరిగి భీమడోలు, గుండుగొలను, ఏలూరు అంచున నడుస్తుంది. బుల్లోడు చెప్పిన కైకలూరు దారి కొల్లేటికి దిగువన పోతుంది, అదీ బాగానే ఉంటుంది గానీ ప్రతి ఊళ్ళోనూ కాలవ దాటాలి, ప్రతి కాలవ మీదా సందులాంటి వంతెన.

ఇక మధురపూడి వైపు చూడు. మీ ఇంటి నుంచి దాటాల్సింది ఒక్క గౌతమి, జొన్నాడ వంతెన దగ్గర. అయిపోయింది. మీ జిల్లాకి ఎయిర్‌పోర్టంటే మధురపూడే. నీ తమ్ముడు చేసిన తప్పల్లా గన్నవరానికి టిక్కెట్టు తీసుకోవడం.

డల్లాస్_పాలకొల్లు · 8:50

మాస్టారు చెప్పిందే నేనూ చెప్పబోతున్నా. తమ్ముడు గారి టిక్కెట్టు దుబాయ్ నుంచి గన్నవరం దాకా ఒకే పీఎన్నార్‌లో ఉందా, హైదరాబాద్ నుంచి విడిగా కొన్నాడా కనుక్కోండి. విడిగా కొంటే ఆ చిన్న ముక్కని వదిలేసి హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఇంకోటి తీసుకోవడమే సుఖం, పోయేది కొద్ది డబ్బు. ఒకే పీఎన్నార్ అయితే మధ్యలో వదిలేస్తే తిరుగు టిక్కెట్టు కూడా రద్దయ్యే ప్రమాదం ఉంది, ముందు ఫోన్ చేసి అడగాలి.

ఇంకోటి. విడి టిక్కెట్టయితే దేశంలోపలి విమానంలో మామూలుగా 15 కిలోలే పెట్టెలోకి. దుబాయ్ నుంచి రెండు పెట్టెలంటే అంతకి ఎక్కువే ఉంటాయి. కౌంటరు దగ్గర కిలోల చొప్పున కట్టేకంటే ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే తక్కువలో పోతుంది. నేను సంక్రాంతికొచ్చినప్పుడు మా నాన్నగారు ఎదురుగా నిలబడి ఉండగా హైదరాబాద్‌లో పెట్టె విప్పి చాక్లెట్లు పంచిపెట్టాను.

కొబ్బరితోట_కుమారి · 9:25

వాణ్ణి అడిగాను. ఒకే పీఎన్నారట, మార్చాలంటే టిక్కెట్టంత డబ్బు అడుగుతున్నారట. "గన్నవరం మన పక్కనే కదక్కా" అంటున్నాడు. వాడు పుట్టింది ఇక్కడే, చదువు మాత్రం హైదరాబాద్‌లో.

లంక_గణపతి · 9:33

వాడి మనసులో ఉన్నది పి.గన్నవరం అయ్యుంటుందండి. అంబాజీపేట వాళ్ళకి గన్నవరం అంటే పక్కనే, కాలవని నది మీదుగా దాటించే అక్విడక్టున్న ఆ ఊరే మరి. మా బంధువొకాయన కారు మాట్లాడి "రేపు పొద్దున్న గన్నవరం" అన్నాడు, డ్రైవరు సరేనన్నాడు. ఐదింటికి రమ్మంటే, "పదిహేను నిమిషాల దారికి అంత పొద్దున్నెందుకండీ" అని ఏడింటికొచ్చాడు. విమానం పోయింది. మా వైపు బాడుగ మాట్లాడేటప్పుడు "ఎయిర్‌పోర్టు గన్నవరం" అని రెండుసార్లు చెప్పండి. ఫోన్ మ్యాపులో కూడా ఉత్త గన్నవరం అని కొట్టకండి.

ఏటిగట్టు_చిన్నోడు · 9:36

పదిహేను నిమిషాలు. ఆ సైటు 40 కంటే నయం.

రైలుబండి_రాజు · 10:12

రైలు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? రాజమండ్రి నుంచి విజయవాడకి రైలు దారి 150 కి.మీ. లోపే. విశాఖ-సికింద్రాబాద్ వందేభారత్ రెండు గంటల్లో దింపుతుంది, మామూలు ఎక్స్‌ప్రెస్సులు రెండున్నర, మూడు. తమ్ముడు గన్నవరంలో దిగి విజయవాడ స్టేషన్‌కి పోయి రైలెక్కితే రాజమండ్రిలో దిగొచ్చు.

రావులపాలెం_స్టాండు · 10:20

గన్నవరం నుంచి విజయవాడ స్టేషన్ ఇరవై కి.మీ. వెనక్కి, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోంచి. అంతకంటే ఏలూరు స్టేషన్ ముందుకి నలభై, దారిలోనే ఉంటుంది. అక్కడ ఏ రైలు ఆగుతుందో చూసుకుని ఎక్కితే మేలు. కానీ రెండు పెద్ద పెట్టెలతో ఏలూరు ప్లాట్‌ఫాం మీద మెట్లెక్కి దిగి, మళ్ళీ రాజమండ్రిలో అదే పని. దుబాయ్ నుంచి రాత్రంతా నిద్రలేక వచ్చిన మనిషి. రైలు వద్దండి.

పాత_ఓవర్సీరు · 10:45

శ్రావణమంటే వరదల రోజులు కూడా. అది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటి 25 లక్షల క్యూసెక్కులు పైన సముద్రంలోకి పోయింది. అంతటి వరదలోనూ జొన్నాడ, సిద్ధాంతం వంతెనలు, గామన్ బ్రిడ్జి ఎత్తు మీదే ఉంటాయి. పెద్ద రోడ్లకి భయం లేదు. మునిగేవి లంకల్లోకి వెళ్ళే కాజ్‌వేలు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీదికి ముందు నీళ్ళొస్తాయి, అక్కడివాళ్ళు పడవల్లోకి మారిపోతారు. మీ బంధువులెవరైనా లంకల్లో ఉంటే వాళ్ళని ఒకరోజు ముందే పిలిపించుకో.

బ్యారేజీ మీద నుంచి బొబ్బర్లంక, ఆత్రేయపురం దారిని మ్యాపు దగ్గర దారిగా చూపించినా నమ్మొద్దు. వరదప్పుడు బ్యారేజీ మీద గేట్ల పని నడుస్తుంటుంది, ఎప్పుడు ఆపుతారో చెప్పలేం.

కొల్లేటి వైపు కూడా అంతే. 2024 సెప్టెంబరు వానలకి ఏలూరు-కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి దగ్గర నీళ్ళలో ఉండిపోయింది. వర్షాల్లో గన్నవరం నుంచి రావాలంటే గుండుగొలను దారే దారి.

భీమవరం_బుల్లోడు · 10:58

నేను చెప్పింది గుడివాడ రోడ్డండీ, ఎడ్లగాడి రోడ్డు కాదు. రెండూ కలిపేస్తున్నారు. కావాలంటే తమ్ముడు గారిని మా ఊరి మీదుగా పంపించండి, భోజనం పెట్టి పంపుతాం.

రావులపాలెం_స్టాండు · 11:20

అమ్మా, అందరి మాటలూ విన్నాక నా లెక్క ఇది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య మీ కారు అసలు తిరగకూడదు. 150 ఉంటేనేం, 126 ఉంటేనేం.

గన్నవరం నుంచి వచ్చేవాళ్ళూ, మధురపూడి నుంచి వచ్చేవాళ్ళూ మీ ఊరు వెళ్ళాలంటే కలిసేది రావులపాలెంలో. గన్నవరం వైపు నుంచి గుండుగొలను, అక్కడ కొత్త హైవే వదిలేసి పాత రోడ్డు (ఇప్పుడు దాన్ని 216ఎ అంటున్నారు), తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం వంతెన, రావులపాలెం. 110 దాకా, రెండు గంటల పైన. మధురపూడి వైపు నుంచి లాలాచెరువు, మోరంపూడి, వేమగిరి, జొన్నాడ వంతెన, రావులపాలెం. 50 లోపు, గంటంబావు.

తమ్ముడు గన్నవరంలో ఒకవైపు ట్యాక్సీ మాట్లాడుకుని రావులపాలెం దాకా వచ్చేస్తాడు. ఒంటిగంటన్నరకి దిగుతాడు, అక్కడ భోంచేసి కూర్చుంటాడు. మీ ఆయన మధ్యాహ్నం పన్నెండింటికి ఇంట్లో అన్నం తినే బయల్దేరి మధురపూడి వెళ్ళి పెద్దవాళ్ళని ఎక్కించుకుని, మూడున్నరకి రావులపాలెంలో తమ్ముణ్ణి కలుపుకుంటారు. ఎర్టిగాలో నలుగురు, వెనక సీటు మడిచేస్తే పెట్టెలు. మావయ్యగారికి రావులపాలెంలో కాళ్ళు చాపుకునే అవకాశం. మీ ఆయన నడిపేది 160. 370 కాదు.

ట్యాక్సీవాడితో ముందే అడగండి: ఒకవైపు రేటా, ఖాళీగా తిరిగెళ్ళే కి.మీ. కూడా కడతాడా, టోలు ఎవరిది, డ్రైవరు బత్తా అందులోనే ఉందా. విజయవాడ బళ్ళు కొన్ని దిగేటప్పుడు వీటన్నిటినీ విడివిడిగా చెప్తాయి.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా మీ ఊరికి కాలవగట్టు రోడ్డు మీకు నేను చెప్పక్కర్లేదు. చీకటి పడకముందే దాటేయండి. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చి, వంతెన మీద ఒకడు వెనక్కి తగ్గాల్సొస్తే, ఎవరు తగ్గాలన్నదానికే పావుగంట.

రన్‌వే_రాంబాబు · 11:31

ఈ ప్లానుకి నా ఓటు. ఒక్కమాట. వాన ఎక్కువుండి రెండింటి విమానం మధురపూడిలో దిగలేకపోతే విశాఖకో, హైదరాబాద్‌కో మళ్ళిస్తారు. చలికాలం పొద్దున్న పొగమంచుకీ అంతే. మీ ఆయన ఇంట్లో బయల్దేరే ముందు విమానం ఢిల్లీలో లేచిందో లేదో యాప్‌లో చూసుకోమనండి. లేవకుండానే వెళ్ళి పార్కింగులో కూర్చుంటే ఉపయోగం లేదు.

కొబ్బరితోట_కుమారి · 12:40

మా ఆయనకి చదివి వినిపించాను. "160 అయితే సరే" అన్నారు. స్టాండు గారూ, మీది రావులపాలెమే కదా, గన్నవరం నుంచి తమ్ముణ్ణి మీరే తీసుకురాకూడదా?

రావులపాలెం_స్టాండు · 12:48

ఆ రోజు పొద్దున్నే గన్నవరం దింపుడుంటే తప్పకుండా అమ్మా, తిరుగుబండి కాబట్టి మీకూ తక్కువలో పోతుంది. నంబరు ఇక్కడ పెట్టకండి, నిర్వాహకుడు గారు ఊరుకోరు. విడి సందేశంలో మాట్లాడదాం.

కొబ్బరితోట_కుమారి · శ్రావణం, సోమవారం రాత్రి 9:15

గృహప్రవేశం బాగా జరిగింది. అడిగారని కాదు గానీ, ముందు ముందు ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. తమ్ముడి విమానం టైముకే దిగింది. పదకొండుకి గన్నవరం వదిలితే ఒంటిగంట ఇరవైకి రావులపాలెం. గూడెం దగ్గర వాన, తణుకులో ఎండ. ఢిల్లీ విమానం ముప్పావుగంట ఆలస్యం. మా ఆయన యాప్ చూసుకుని ఒంటిగంటకి బయల్దేరారు కాబట్టి ఆయనకేం తెలియలేదు, తమ్ముడే రావులపాలెంలో మూడు గంటలు కూర్చున్నాడు. అరటి మార్కెట్ పక్కన గెలలు లారీకి ఎలా పేరుస్తారో, ఒక్కో వరసకి మధ్య ఎండాకు ఎలా కుక్కుతారో వీడియోలు తీసి దుబాయ్ స్నేహితులకి పంపుకున్నాడట. మావయ్యగారు రావులపాలెంలో దిగి నాలుగడుగులు నడిచి, కొబ్బరిబొండం తాగి, "ఇంకెంత దూరం" అనకుండా ఇంటికొచ్చారు. ఓవర్సీరు మాస్టారికీ, స్టాండు గారికీ దణ్ణాలు.

తిరుగు ప్రయాణం తమ్ముడిది కూడా మధురపూడి నుంచే. ఈసారి టిక్కెట్టు నేను తీశాను.

నర్సాపురం_లేసు · సోమవారం రాత్రి 10:02

ఈ చర్చలోనే అడుగుతున్నా, వేరేది తెరవడం ఎందుకని. మాది నర్సాపురం. ముంబై వెళ్ళాలి. మాకు ఏది దగ్గర, మధురపూడా గన్నవరమా?

రావులపాలెం_స్టాండు · 10:11

పాలకొల్లు, సిద్ధాంతం మీదుగా వస్తే మధురపూడి వంద లోపే. ఒక్కటే చూసుకోండి, ముంబై విమానం ఎన్ని గంటలకి? తెల్లారగట్లయితే ముందురోజు రాత్రే రాజమండ్రి వచ్చి పడుకోండి.

భీమవరం_బుల్లోడు · 10:13

గన్నవరం. మా ఊరి మీదుగా.